అగ్గిపుల్ల వేర్లు

రికార్డు పుస్తకంలో ఆ పేజీ మీద ముస్రత్ మేడం ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర పెన్నుతో గీత కొట్టింది. కోపంగా ఏమీ కొట్టలేదు. ముప్పై రికార్డులు దిద్దాల్సిన మనిషి పద్దెనిమిదో రికార్డు దగ్గర ఎట్లా కొడుతుందో అట్లా కొట్టింది.

"ఇదేంటి నాగవేణీ? కణ విభజన అంటే నాలుగు దశలు. నువ్వు వేసింది ఒకటిన్నర."

"నాకు కనపడింది అంతే మేడం."

"కనపడలేదంటే ఉల్లి వేరు స్లైడు సరిగా చేయలేదని."

పేజీలో నాగవేణి పెన్సిలుతో ఆరు కణాలు వేసింది. ఆరింటిలోనూ క్రోమోజోములు పొట్టిగా, లావుగా, చాటలోంచి జారిన కందిగింజల మాదిరి ఎటుపడితే అటు పడి ఉన్నాయి. పుస్తకంలో చెప్పినట్టు నడిమధ్య వరస కట్టలేదు. రెండు సగాలుగా విడిపోయి ఇటూ అటూ పోయే కణం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ బొమ్మ ఉండాల్సిన చోట డబ్బా గీసి, లోపల 'కనపడలేదు' అని రాసింది.

ఆమె పక్కన కూర్చునే పల్లవి రికార్డులో నాలుగు దశలూ చక్కగా ఉన్నాయి. పల్లవి స్లైడులో గాలిబుడగలు తప్ప ఏమీ లేవని ఆ బల్ల మీద అందరికీ తెలుసు. పోయినేడు సీనియర్ల రికార్డు పక్కన పెట్టుకుని వేసింది. మేడం దాని కింద సంతకం పెట్టి పక్కకు తోసింది.

"శనివారం లోపల మళ్లీ చేసి చూపించు. రికార్డు మీద నా సంతకం లేకపోతే సోమవారం ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఎగ్జామినర్ మొదట చూసేది సంతకమే." నాగవేణి మొహం చూసి మేడం గొంతు కొంచెం తగ్గించింది. "కొందరి చెయ్యి స్లైడుకు కుదరదు. బుక్కులో చూసి వేసుకో. ఏం కాదు."

ముస్రత్ మేడం రోజూ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో వచ్చి పాఠం చెప్పి పోతుంది. సాయంత్రం బస్సుకు టైమైంది. రికార్డులన్నీ బీరువాలో పెట్టించి వెళ్లిపోయింది. నాగవేణి తన రికార్డు సంచిలో పెట్టుకుంది. చూసి వేసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు. పల్లవి రికార్డు ఇస్తానని కూడా అంది. కానీ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది తను ఒక్కతే. చూడనిది చూసినట్టు వేయడం అనేది ఆమెకు ఇంకా చేత కాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోగానే మంచం కింది ఉల్లిగడ్డల్లోంచి మూడు ఏరింది. ఎండిన పాత వేర్లు బ్లేడుతో గీకింది. నీళ్ల తొట్టి పక్కన ఉండే తెల్ల ప్లాస్టిక్ మగ్గును నీళ్లతో నింపి, మూతికి అడ్డంగా చీపురు పుల్లలు పెట్టి, గడ్డల అడుగు మాత్రమే నీళ్లకు తగిలేటట్టు కూర్చోబెట్టింది. పోయిన వారం కూడా అదే మగ్గులో పెట్టింది. లోపలంతా పసుపు పట్టి ఉండే మగ్గు అది. అమ్మ రామమ్మ శుక్రవారం గడపకు పసుపు కలిపేది అందులోనే. పసుపు ఉంటే వేర్లు కుళ్లవులే అని నాగవేణి ఏరికోరి దాన్నే తీసుకుంది.

*

బుధవారం పొద్దున్నే నాయిన రంగప్పకు సద్ది ఇయ్యడానికి నాగవేణి చేనికి పోయేసరికి కూలికి వచ్చే యేసురత్నమ్మ గట్టు మీద నిలబడి ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో అన్నం డబ్బాతో, పనికి పోయే మనిషి మాదిరే ఉంది. పనికి మాత్రం పోలేదు.

"గోవిందన్న నాట్ల గుంపులోకి రావద్దన్నాడు. నువ్వేం చెప్తివి రంగప్పన్నా ఆయప్పకు?"

రంగప్ప మడికి నీళ్లు తిప్పుతూ తల ఎత్తలేదు. "నేనేం చెప్తి? ఉండే మాట చెప్తి."

"నా చెయ్యి మంచిది కాదంటివంట."

"చూడు మల్ల. నీ కండ్లతోనే చూడు." పార ఎత్తి చూపించాడు. "ఎనిమిది మడ్లు. ఏడు మడ్లు ఎట్లుండాయి? నీ మడి ఎట్లుండాది?"

ఉల్లినారు నాటేటప్పుడు ఆ పల్లెల్లో ఒక్కొక్క ఆడమనిషి ఒక్కొక్క మడి పట్టుకుంటుంది. నాటింది ఎవరో మడి మీద పేరు రాసి పెట్టినట్టే. ఏడు మడ్లలో నారు మూరెడు ఎత్తు లేచి గాలికి ఊగుతోంది. గట్టు పక్క మడిలో నాటిన నాడు ఎంత ఉండిందో ఇరవై రోజులకూ అంతే ఉంది. ఆకు కొసలు పండిపోయినాయి. చావలేదు, పెరగలేదు.

"ఒకే నారు, ఒకే నీళ్లు. చేతిగుణం కాకపోతే ఇంకేంది?" అన్నాడు రంగప్ప.

"ఇరవై ఏండ్లుగా నాటతాండా. ఇయ్యాల పోయినాదా నా చేతిగుణం?" యేసురత్నమ్మ నాగవేణి వైపు తిరిగింది. "నువ్వు సెప్పు పాపా. చదువుకునేదానివి."

నాగవేణి సద్ది గిన్నె గట్టు మీద దించింది. మడి వంక చూసింది. బస్సుకు టైమవుతోంది.

"మిగతా మడ్లన్నీ బాగుండాయి గదక్కా మరి," అంది.

యేసురత్నమ్మ అన్నం డబ్బా చంకలో పెట్టుకుని గట్టు వెంబడే వెళ్లిపోయింది.

*

గురువారం ల్యాబులో నాగవేణి ఒక్కతే కూర్చుంది. వేర్ల కొసలు కోసి, వాచ్ గ్లాసులో ఎర్ర రంగు వేసి, స్పిరిట్ దీపం మీద పొగలొచ్చే దాకా వెచ్చచేసింది. మరగనీయలేదు. ఒక కొస స్లైడు మీద పెట్టి, చుక్క రంగు వేసి, కవర్ స్లిప్ వాల్చి, పెన్సిల్ వెనక వైపుతో చిన్నగా తట్టి, పైన అద్దుడు కాగితం వేసి బొటనవేలితో అదిమింది. చెయ్యి కదలలేదు. గాలిబుడగ ఒక్కటి లేదు.

మైక్రోస్కోపులో చూసింది. అవే కందిగింజలు. ఒక్క కణం విడిపోలేదు. రెండో స్లైడు చేసింది. మూడోది చేసింది.

"ఇంగా కాలేదా తల్లీ?" శేషన్న చాటలో కడిగిన గాజు గొట్టాలు ఆరబెడుతూ అడిగాడు. ల్యాబు అటెండరు. పదిహేనేళ్లు మగ్గం నేసి, మోకాళ్లు మగ్గం గుంటలో దిగడానికి పనికిరాకపోయేసరికి ఈ పనికి వచ్చాడు.

"నా చెయ్యి కుదరదంట శేషన్నా."

"చెయ్యి నాకు చూపిద్దువు గానీ, ముందు ఆ గడ్డలు చూపించు."

మగ్గులోంచి ఉల్లిగడ్డను ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు. కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకున్నాడు. మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడెలో పోగు చూసే మనిషి కండ్లు అవి.

"ఇవేంది, అగ్గిపుల్ల తలకాయల మాదిరి ఉండాయి?"

నాగవేణి చూసింది. వేర్లు అంగుళం కూడా లేవు. ఉల్లి వేరు కొస సూది మాదిరి సన్నగా ఉండాలి. ఇవి కొసన ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. రెండు వారాలుగా కొసలు కోస్తోంది గానీ, కోసే ముందు వేరు ఎట్లా ఉందో ఎప్పుడూ చూడలేదు.

"ఏం నీళ్లు?"

"బోరు నీళ్లే. మేం తాగేవే."

"గడ్డలు?"

"మా చేన్లోవే."

"మగ్గు?"

"పసుపు మగ్గు. అమ్మ గడపకు వాడేది."

శేషన్న మగ్గును తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. "మగ్గం మీద గుడ్డలో గీత పడిందనుకో. పడుగు చూస్తాము, అచ్చు చూస్తాము, నాడె చూస్తాము. ఒకతూరికి ఒకటే మారుస్తాము. అన్నీ కలిపి మారిస్తే గుడ్డ బాగయితాది గానీ తప్పు యాడుందో తెల్వదు. ఈ పొద్దు అవే గడ్డలు, అవే నీళ్లు పెట్టు. మగ్గులో రొండు, స్టీలు గ్లాసు మీద ఒకటి."

"శనివారమే గడువు శేషన్నా. ఒక్క గ్లాసు మీదే పెట్టింది బాగా రాకపోతే?"

"అయితే మూడు గ్లాసుల మీద మూడు పెట్టు. మగ్గు మాత్రం వదలాకు."

*

శనివారం పొద్దున ఆటోలో ఒళ్లో మూడు గ్లాసులూ ఒక మగ్గూ పట్టుకుని కూర్చుంది నాగవేణి. "ఏందమ్మా, ఉల్లిగడ్డలకు గూడా టికెట్టు తీసుకోవల్ల," అన్నాడు ఆటో అబ్బాయి. నీళ్లు చుడీదారు మీద ఒలికినాయి. ఆమె నవ్వలేదు. గ్లాసుల్లో వేర్లు తెల్లగా, దారప్పోగుల మాదిరి కిందికి దిగి ఉన్నాయి. మగ్గులో మళ్లీ అగ్గిపుల్లలే.

ముందు గ్లాసు వేరుతో స్లైడు చేసింది. కణాలు ఇటుక గోడ మాదిరి వరసలుగా కనపడినాయి. చిన్నగా స్లైడు జరుపుతూ పోయింది. ఒక చోట క్రోమోజోములు నడిమధ్య వరసగా నిలబడి ఉన్నాయి. దాని కింద రెండు కణాలు దాటి, అది. రెండు గుంపులు, ఒకదానికొకటి ఎడమై, చెరో కొసకు పోతున్నాయి. మెడ పట్టి లాగుతుంటే కాళ్లు వెనకబడిన మేకపిల్లల మాదిరి ప్రతి క్రోమోజోమూ నడుము ముందు, కొసలు వెనక. ఒక పక్క లెక్కపెట్టబోయింది. పదకొండు దాకా వచ్చేసరికి లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది.

"మేడం, చూడండి."

ముస్రత్ మేడం వంగి చూసింది. "అరే. ఇంత మంచిది ఈ ఏడాది ఎవరికీ రాలేదు. ఇంకేం, బొమ్మ వేసెయ్."

"ఇది కూడా చూడండి మేడం." నాగవేణి మగ్గు వేరు స్లైడు పెట్టింది. "గడ్డలు అవే, నీళ్లు అవే."

ఈసారి మేడం చాలాసేపు తల ఎత్తలేదు. ఫోకస్ తిప్పింది, స్లైడు జరిపింది. తర్వాత మగ్గును దగ్గరికి తీసుకుని లోపల వాసన చూసింది.

"పసుపుకు కిరసనాయిలు వాసన రాదే. మీ ఇంట్లో కలుపు మందు కొడతారా?"

"ఉల్లి చేనికి కొడతాము. నాటిన రెండు దినాలకు."

"ఏ రంగు?"

"పసు..." అని నాగవేణి ఆగిపోయింది.

మేడం కుర్చీలో కూర్చుంది. శేషన్న కూడా చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

"కణం విడిపోయే ముందే ప్రతి క్రోమోజోముకూ నకలు తయారవుతుంది. అసలు, నకలు, జంటగా అతుక్కునే ఉంటాయి. కణం రెండు కొసల నుంచి సన్నటి తాళ్లు వస్తాయి. జంటలో ఒకదాన్ని ఈ కొస తాడు పట్టుకోవాలి, రెండోదాన్ని ఆ కొస తాడు పట్టుకోవాలి. రెండు పక్కలా లాగితే బిగువు వస్తుంది. బిగువు ఉంటేనే పట్టు సరైనదని కణానికి గుర్తు. తప్పుగా పట్టుకుంటే వదిలి మళ్లీ పట్టుకుంటుంది. ఒక్క జంట మిగిలిపోయినా కణం మొత్తం ఆగుతుంది. జంటల అతుకు విప్పదు."

"పడుగు మాదిరే గదా మేడం," అన్నాడు శేషన్న. "వెయ్యి పోగుల్లో ఒక్కటి వదులుగా ఉన్నా నాడె వేయము. వేస్తే గుడ్డంతా చెడతాది."

"అంతే. ఈ రకం మందు ఆ తాళ్లనే అల్లుకోనివ్వదు. తాళ్లు లేవు కాబట్టి పట్టు లేదు. పట్టు లేదు కాబట్టి కణం ఆగింది. వేరు పొడుగు పెరగలేక కొసన ఉబ్బింది. ప్లాస్టిక్కులో పట్టిన ఆ కాస్త మందే చాలు." మేడం నాగవేణి రికార్డు తెరిచి ఎర్ర గీత ఉన్న పేజీ దగ్గర ఆగింది. "ఎమ్మెస్సీలో మేం కావాలని ఒక మందు వేసి ఇట్లాగే ఆపి చూసేవాళ్లం. నేను గుర్తుపట్టాల్సింది. నీ చెయ్యి అన్నాను."

"ఆ మగ్గుతో మనుషులకేమన్నా అయితాదా మేడం?" శేషన్న అడిగాడు.

"మొక్కల తాళ్లను పట్టినంతగా మనుషుల తాళ్లను పట్టదు. అట్లని మగ్గు ఇంట్లో పెట్టుకుంటారా? విషం విషమే."

మేడం ఎర్ర గీత కింద అదే ఎర్ర పెన్నుతో 'బొమ్మ సరైనదే, నేను చూశాను' అని రాసి సంతకం పెట్టి తేదీ వేసింది. కొత్త బొమ్మకు పక్క పేజీలో ఇంకో సంతకం పెట్టింది. అప్పుడే లోపలికొచ్చిన పల్లవి సంగతి విని, "మీ ఉల్లిగడ్డలకూ పరీక్ష భయమేమో మే, యాడికాడికి నిలబడిపోయినాయి," అంది.

అప్పుడు నవ్వింది నాగవేణి. రికార్డు సంచిలో పెట్టుకుంటుంటే ఆ మాట మళ్లీ చెవిలో పడినట్టయింది. యాడికాడికి నిలబడిపోయినాయి. చావలేదు, పెరగలేదు.

*

ఇంటి వాకిట్లో రామమ్మ జొన్నలు చెరుగుతోంది.

"మా, ఈ మగ్గు మనింటికి ఎప్పుడొచ్చె?"

"మోటరు కొట్టం కాడ పడుండె. మీ నాయిన తెచ్చింటాడులే అని తెస్తి. ఎంత కడిగినా పసుపు పోలేదు. ఎవురిదో గానీ మంచి పసుపు అనుకుంటి. ఏం మే?"

నాగవేణి సంచి కూడా దించకుండా చేనికి నడిచింది. గట్టు పక్క మడిలో కూర్చుని ఒక మొక్క పీకింది. మన్ను దులిపింది. ఇంకోటి పీకింది. పది మొక్కలు పీకి గట్టు మీద వరసగా పరిచింది. పదింటికీ వేర్ల కొసలు ఉబ్బి ఉన్నాయి. పక్క మడిలోంచి ఒకటి పీకింది. తెల్లటి గడ్డం మాదిరి ఇంత గుబురు వేరు వచ్చింది, మన్నును వదలనంటూ.

"ఏమ్మే, బాగుండేది గూడా పీకతాండావు?" రంగప్ప మోటరు దగ్గర నుంచి వచ్చాడు.

"నాయినా, మందు కొట్టిన దినం మిగిలింది ఏం చేస్తివి?"

"ఏం చేస్తి? ట్యాంకులో నాలుగు వేళ్లు మిగిలె. పారబోస్తే దండగ గదా అని గట్టు మడికే ఇంగో సుట్టు కొడ్తి. ఎక్కువ పడితే కలుపు ఇంగా బాగ సస్తాది గదా."

నాగవేణి ఒక మొక్క నాయిన చేతికిచ్చింది. సంచిలోంచి మందు కలిపిన మగ్గు తీసి, దాంట్లోని ఉల్లిగడ్డను ఎత్తి చూపించింది. ఇదీ అదీ పక్కపక్కన పెట్టింది.

రంగప్ప పార నేలకు ఆనించాడు. మొక్కను తిప్పి చూశాడు. బొటనవేలితో వేరు కొస నలిపాడు. తర్వాత పక్క మడి మొక్క తీసుకుని చూశాడు. ఆఖరికి, "లోతుగానే నాటింది ఆయమ్మ," అన్నాడు.

"నువ్వు అందరి ముందరా అంటివి నాయినా."

"అయితే? ఊరంతా దండోరా వేయల్లనా?"

నాగవేణి లేచింది. నాయిన ముందర ఇంతకంటే ఆమెకు నోరు రాదు. మొక్కలు అట్లాగే గట్టు మీద వదిలి ఇంటికి వచ్చేసింది.

ఆదివారమంతా రంగప్ప ఆ సంగతి ఎత్తలేదు. పొద్దున చర్చి మైకు వినపడుతుంటే వాకిట్లో కూర్చుని బీడీ తాగాడు. మధ్యాహ్నం ఇనుప చువ్వ పొయ్యిలో కాల్చి, మగ్గు అడుగున రెండు బొక్కలు పొడిచి, మళ్లీ ఎవరూ నీళ్లు పట్టకుండా చేశాడు. "గడపకు వేరేది కొనుక్కో," అని రామమ్మతో అన్నాడు. అంతే.

*

సోమవారం తెల్లవారి నాగవేణి రికార్డు సంచీతో బస్సులూ ఆటోలూ నిలబడే చోటికి వచ్చింది. పరీక్ష పదింటికి. గోవిందన్న గుంపు అప్పుడే ఆటో ఎక్కుతోంది. అతని చేనికి ఉల్లి నాట్లు. యేసురత్నమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని, అన్నం డబ్బాతో ఎడంగా నిలబడి ఉంది. ఎవరైనా ఒకరు తక్కువైతే పిలుస్తారేమోనని రోజూ అట్లాగే నిలబడుతోందని నాగవేణికి అప్పుడు తెలిసింది.

వెనక నుంచి రంగప్ప వచ్చాడు. తువ్వాల్లో ఏదో మూట కట్టుకుని ఉన్నాడు. కూతురిని చూడనట్టే దాటుకుని ఆటో దగ్గరికి పోయాడు.

"గోవిందన్నా, ఒక్క నిమిషం ఆపు."

"ఏమప్పా, యాళయితాంది."

రంగప్ప తువ్వాలు విప్పి ఆటో ముందు సీటు మీద పరిచాడు. గట్టు మడి మొక్కలు ఒక పక్క, మంచి మడి మొక్కలు ఒక పక్క. "ఇవి చూడు. వేర్లు చూడు. మిగులు మందు నేనే గట్టు మడికి రొండోతూరి కొడ్తి. మందుకు నిలబడిపోయినాయి. ఆయమ్మ నాటు బాగానే ఉండాది. నేను అన్న మాట తప్పు."

ఆటోలో ఆడవాళ్లు మెడలు సాచి చూశారు. "అట్లనా? మరి చెయ్యి అంటివే రంగప్పన్నా," అంది ఒకామె. రంగప్ప మెడ వెనక గోక్కున్నాడు.

"సరేలే, ఎక్కు మల్ల," అన్నాడు గోవిందన్న యేసురత్నమ్మతో. "నాటేదానికి మనుషులు చాలక నేనూ సస్తాండా."

యేసురత్నమ్మ కదల్లేదు. "ఇన్ని దినాలు నా చెయ్యి మంచిది కాదు. ఈ పొద్దు మంచిదైపాయనా?"

యేసురత్నమ్మ గోవిందన్న వైపు తిరిగింది.

"నీ చేన్లో గట్టు పక్క మడి నాకిస్తానంటే ఎక్కుతా."

"యాడైతే ఏందమ్మా?"

"నాకుండాది లే. ఇస్తావా, ఇయ్యవా?"

"తీసుకో తల్లీ. రొండు గట్లూ నువ్వే తీసుకో."

ఆమె ఆటో వైపు వస్తూ నాగవేణి దగ్గర ఆగింది. "చదువుకునే పిల్లవి. నువ్వు గూడా అంటివి."

"అంటినక్కా," అంది నాగవేణి. సంచిలో ఎర్ర గీత పేజీ ఉన్న రికార్డు బరువుగా తగులుతోంది. "పీకి చూడకుండానే అంటి."

యేసురత్నమ్మ ఆమెను ఒకసారి కిందికీ పైకీ చూసింది. "పో. బస్సు పోతాది," అంది.

ఆటో ఎక్కబోతూ సీటు మీది మొక్కల్ని తువ్వాలుతో సహా చుట్టి ఒళ్లో పెట్టుకుంది. "అక్కా, తువ్వాలు..." అన్నాడు రంగప్ప. ఆమె వినిపించుకోలేదు. ఆటో కదిలింది. మలుపు తిరిగేదాకా నాగవేణికి కనపడుతూనే ఉంది. యేసురత్నమ్మ మూట విప్పి, ఒక్కొక్క మొక్కా తీసి, వేరు పైకి పెట్టి, పక్కన కూర్చున్నవాళ్లకు చూపిస్తూ పోతోంది.